చీటీ అడగని నిద్ర

కోల్‌కతాలో రాత్రి తొమ్మిది దాటాక ఏ పేటలోనైనా మెడికల్ షాపు దగ్గర కాసేపు నిలబడితే ఓ సంగతి అర్థమవుతుంది. జ్వరానికి మందు కావాల్సినవారు గట్టిగానే అడుగుతారు. నిద్ర మాత్ర కావాల్సినవారు పక్కనున్నవాళ్లు వెళ్లేదాకా ఆగుతారు. ఆ మాత్రలకు డాక్టరు చీటీ ఉండాలి. ఆల్‌ప్రజోలం, డయజిపాం, నైట్రజిపాం, జోల్‌పిడెం వంటివాటిని కేంద్రం 2013లో హెచ్1 షెడ్యూల్‌లో చేర్చింది. రాసిన డాక్టరెవరో, వాడేదెవరో, ఎన్ని ఇచ్చారో షాపువాళ్లు విడిగా ఓ రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఇదెంత పకడ్బందీగా అమలవుతోందన్నది వేరే కథ. నిద్ర పట్టనివాళ్లను మాత్రం ఆ నిబంధన ఆపలేదు, పక్క అరకు మళ్లించింది.

ఆ అరలో లేనిదేమిటి? తల చల్లబరిచే ఎర్ర నూనె, ఆయుర్వేద గుళికలు, హోమియో చుక్కలు, మెలటోనిన్, అన్నిటికంటే చవగ్గా అలర్జీ మాత్రలు.

గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే కార్యాలయంలో గుమాస్తాగా చేసి రిటైరైన ఓ తెలుగు పెద్దాయన వీటిలో చాలావాటి రుచి చూశారు. శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన ఆయనకు డెబ్బై దగ్గర పడుతోంది. 'ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు' అన్న సామెతలో మొదటి సగమే ఇప్పుడాయనకు వర్తిస్తోంది. ముందు భార్య గసగసాలు నూరి పాలలో కలిపి ఇచ్చారు. (బెంగాలీలు 'పోస్తో' పేరుతో ప్రాణంగా తినేదీ ఆ గసగసాలనే. కంపెనీ హయాంలో నల్లమందు తీశాక మిగిలిన గింజలే ఆ వంటకు మూలమంటారు.) పక్కింటి బెంగాలీ ఆవిడ సుష్ని శాక్ తెచ్చిచ్చారు. చెరువు గట్ల వెంట నాలుగు రేకులుగా విచ్చుకునే ఈ ఆకుకూర తింటే హాయిగా నిద్ర పడుతుందని బెంగాల్‌లో గట్టి నమ్మకం. కూర బాగుంది. నిద్ర రాలేదు.

"చీటీ లేకుండా పెద్ద మాత్ర ఇవ్వలేను కాకూ, ఇది వేసుకోండి" అంటూ షాపు కుర్రాడు అలర్జీ మాత్రల షీటు చేతిలో పెట్టాడు. మొదటి వారం బ్రహ్మాండంగా పనిచేసింది. రెండో వారం ఒకటి చాలక రెండయ్యాయి. మూడో వారం ఓ అర్ధరాత్రి బాత్రూముకు వెళ్లి, ఎంతసేపున్నా మూత్రం రాక, కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. "ఏమండీ, ఏమైందండీ?" అని భార్య పరుగెత్తుకొచ్చేసరికి ఆయనకు తామున్నది శ్రీకాకుళమో, కలకత్తానో కాసేపు తెలియలేదు.

ఇందులో వింతేమీ లేదు. పాతతరం అలర్జీ మందులు మెదడులో హిస్టమిన్ పనిని అడ్డుకోవడం వల్ల మగత వస్తుంది. ఆ మగతకు శరీరం కొద్దిరోజుల్లోనే అలవాటుపడిపోతుంది. అవి ఎసిటైల్‌కోలిన్ పనినీ అడ్డుకుంటాయి కాబట్టి వృద్ధుల్లో తికమక, మలబద్ధకం, ప్రోస్టేట్ పెరిగినవారిలో మూత్రం ఆగిపోవడం వంటివి తలెత్తుతాయి. వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడటం ప్రమాదకరమన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలని నిబంధన. ఉంటుంది కూడా, డెబ్బై ఏళ్ల కళ్లకు ఆననంత చిన్న అక్షరాల్లో.

వేర్లూ ఆకులూ అయితే ఏ హానీ ఉండదనుకుని ఆయన ఆయుర్వేదం వైపు తిరిగారు. చేతికందింది సర్పగంధ. ఆ వేరుకు ఈ ఊళ్లో పెద్ద చరిత్రే ఉంది. బీహార్ పల్లెల్లో పిచ్చికి మందుగా, పిల్లల్ని నిద్రపుచ్చే మందుగా వాడుకలో ఉన్నదాన్ని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ మానసిక రుగ్మతకూ రక్తపోటుకూ పనికొచ్చే ఔషధమని వైద్య పత్రికలో ప్రకటించారు. రెండేళ్లకు ఆర్.ఎన్.చోప్రా బృందం అదే నగరంలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో దాన్ని పరీక్షించింది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ పత్రికలో రాసిన వ్యాసంతో పాశ్చాత్యుల చూపు పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ పరిశోధకులు దాన్నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. కొన్నేళ్లపాటు ప్రపంచమంతటా దాని పేరే. ఆ వెంటే, వాడినవారిలో కొందరు తీవ్రమైన దిగులులో కూరుకుపోతున్నారన్న నివేదికలూ మొదలయ్యాయి. ఇంత బలమున్న వేరు గుళికగా మారి, 'ప్రకృతి సిద్ధం' అన్న ముద్రతో చీటీ లేకుండానే చేతికొస్తుంది.

పెద్దాయనను ఆపింది హైదరాబాద్‌లో నర్సుగా ఉన్న మేనకోడలు. "పొద్దున బీపీ మాత్ర, రాత్రి మళ్లీ బీపీ దించే వేరా మావయ్యా? లేచి నిలబడగలిగేవాడివేనా?" అని ఫోన్‌లోనే కోప్పడింది.

అమెరికా నుంచి కొడుకు పంపిన మెలటోనిన్ సీసా ఇంకా మిగిలే ఉంది. వేళలు మారే దూర ప్రయాణాల్లో ఇది ఉపయోగపడేదే. నిద్రలేమికి మాత్రం, 19 అధ్యయనాలను కలిపి 2013లో లెక్కగడితే, దీనివల్ల సగటున 7 నిమిషాలు ముందుగా నిద్ర పట్టిందని తేలింది. కెనడాలో 2017లో 31 రకాల ఉత్పత్తులను పరీక్షిస్తే, లేబుల్ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా మందు కనిపించింది. అంటే మింగింది ఎంతో మింగినవాడికి తెలియదు.

దీర్ఘకాలిక నిద్రలేమికి మందుల కంటే ముందు నిద్ర అలవాట్లు, ఆలోచనలు మార్చే చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2016లోనే సూచించింది. ఏ షాపులోనూ దొరకనిది అదే. రోజూ ఒకే వేళకు లేవాలి, నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి, పట్టకపోతే దిగిపోవాలి, పగటి కునుకు తగ్గించాలి. చివరిదే అన్నిటికంటే కష్టం. మధ్యాహ్నం చేపల పులుసు అన్నం తిన్నాక వచ్చే నిద్రకు 'భాత్ ఘూమ్' అని ముద్దుపేరు పెట్టుకున్న ఊరది.

మేనకోడలు పోరగా పోరగా పెద్దాయన ఆ కునుకు మానేశారు. మూడు వారాలు నరకం చూశానంటారు. అయిదో వారానికి రాత్రి పదకొండున్నరకు పడుకుంటే అయిదు దాకా మెలకువ రావడం లేదు. అది చాలదని గొణుగుతూనే ఉంటారు. ఎర్ర నూనె మాత్రం మానలేదు, తల చల్లగా ఉంటుందని.