బొమ్మకు పాట తోడు

పిల్లలు కదలక మెదలక కూర్చుండుటయే శ్రద్ధ యని మేము పెక్కేండ్లు నమ్మితిమి. బొమ్మల పుస్తకము చదువునపుడు ఒక్క బాలుడు కాలాడించినను గద్దించి, తరగతి నిశ్శబ్దమైనందుకు మురిసెడివారము. ఆ నిశ్శబ్దము శ్రద్ధ కాదు, భయమని తెలియుటకు మాకు నలువది యేండ్లు దాటవలసి వచ్చినది.

ఎరిక్ కార్ల్ 1969లో ప్రకటించిన ఆకలిగొన్న గొంగళిపురుగు కథను ఒకనాడు తెనుగున చెప్పుచుంటిమి. ఆ పురుగు సోమవారమున ఒక ఆపిలుపండు, మంగళవారమున రెండు బేరిపండ్లు, ఇట్లు పెంచుకొనుచు శుక్రవారమున ఐదు నారింజలు తినును. తిన్నచోట పుటకే రంధ్రముండును. వారముల పేర్లు వరుసగా రాగా ఏడేండ్ల బాలిక యొకతె వ్రేళ్లతో బల్లపై తాళము వేయసాగినది. గద్దింపబోయి, ఏలనో ఊరకుంటిమి. మరుపుటకు వరుస యంతయు తాళము వేసినది. మేమును మాటను తాళమున కెక్కించి పాడితిమి. పిల్లలు నేలపై ముడుచుకొని, సాగి, ప్రాకిరి. గూటిలో కన్నులు మూసికొని, సీతాకోకచిలుకలై చేతులు విప్పిరి. ఎంత వల్లెవేయించినను నిలువని వారముల వరుస ఆనాడు అందరికిని పట్టుబడినది.

తాళము మొదలిడిన బాలిక మాత్రము లేవలేదు. అడుగగా, "ఆడపిల్ల గంతులు వేయగూడదని మా నాయనమ్మ చెప్పిందండి" అనినది. ఆ నాయనమ్మను మనసున నిందింపబోయి సిగ్గుపడితిమి. ఇంతకాలము మేము చెప్పినదియు అదియే కదా!

బొమ్మను పాటకు దూరము చేయుట మన సంప్రదాయము కాదు. తెలంగాణమునందలి చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపై కథను చిత్రింతురు. కథకులు ఊరూర ఆ పటమును కొంచెము కొంచెముగా విప్పుచు, వాద్యములతో పాడుచు, కులపురాణములు వినిపించెడివారు. అక్షరమెరుగనివారికి అదియే పుస్తకము. మనము బొమ్మను బడిలోనికి తెచ్చి, పాటను వాకిటనే నిలిపితిమి.

సాయంకాలము మనుమరాలిని తీసికొనిపోవుటకు ఆ నాయనమ్మ వచ్చినది. "అమ్మా, చిన్ననాడు మీరు గొబ్బెమ్మల చుట్టు చప్పట్లు కొట్టుచు తిరుగలేదా?" యని అడిగితిమి. ఆమె నవ్వినదే కాని, ఔననలేదు, కాదనలేదు.

మరునాడు ఆ బాలిక లేచి నిలిచి, ఒక్క చేతిని మాత్రము రెక్కవలె చాచినది. రెండవ చేయి చాచుట మా బడివలననే కాదు. చదువరులారా, మీ యింట బిడ్డకు బొమ్మల పుస్తకము విప్పునపుడు, "కదలకు" అను మాటను ఒక్కనాడు మాని చూడుడు.