రంగు చెప్పే జబ్బు పేరు

ఈ హాస్టల్లో ఉండి చదువుకుని, ఇంటర్ ఒకేషనల్‌లో ఎం.ఎల్.టి. చేసి, ఇప్పుడు పాథాలజీ ల్యాబుల్లో టెక్నీషియన్లుగా పనిచేస్తున్న వాళ్లం మేము. "డాక్టరు కాలేదా? సీసాలు కడిగే పనా?" అని ఊళ్లో అడిగినవాళ్లు ఉన్నారు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు ఆ ప్రశ్నకే జవాబు రాయాలనిపించింది.

మెర్కెల్ సెల్ కార్సినోమా అని చర్మానికి వచ్చే ఒక క్యాన్సర్ ఉంది. చాలా అరుదు. ఎక్కువగా తెల్లని చర్మం గల వృద్ధులకు, ఎండ తగిలే ముఖం, మెడ మీద ఎర్రటి లేదా ఊదారంగు గడ్డలా వస్తుంది. నొప్పి ఉండదు, కానీ త్వరగా పెరుగుతుంది. 1972లో టోకర్ అనే డాక్టరు దీన్ని మొదట వివరించారు. 2008లో అమెరికాలో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ బృందం ఈ గడ్డల్లో ఒక కొత్త వైరస్‌ను కనిపెట్టింది.

గడ్డను పైకి చూసి ఈ జబ్బు పేరు చెప్పలేరు. అందుకే చిన్న ముక్క తీసి ఫార్మలిన్‌లో వేసి ల్యాబుకు పంపుతారు. మేము దాన్ని మైనంలో దిమ్మగా పోసి, మైక్రోటోమ్‌తో మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోస్తాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పొరను గాజు స్లైడు మీదకు ఎత్తి రంగు వేస్తాం. హెమటాక్సిలిన్ కణాల కేంద్రకాలను నీలంగా, ఇయోసిన్ మిగతా భాగాన్ని గులాబీగా చూపుతాయి. హెమటాక్సిలిన్ మధ్య అమెరికా ప్రాంతపు ఒక చెట్టు చేవ నుంచి వచ్చిన రంగే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ క్యాన్సర్‌లో కనిపించేవి చిన్న చిన్న గుండ్రని నీలి కణాలు. లింఫోమాలోనూ, ఊపిరితిత్తుల నుంచి పాకిన ఒక రకం క్యాన్సర్‌లోనూ దాదాపు ఇలాగే ఉంటాయి. కానీ వాటి వైద్యాలు వేరు. పేరు తప్పితే మందు తప్పుతుంది.

అప్పుడు ఇమ్యునో రంగులు వేస్తాం. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ప్రోటీన్‌నే వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్న చోట గోధుమరంగు వస్తుంది. మెర్కెల్ క్యాన్సర్‌లో సాధారణంగా సి.కె.20 కేంద్రకం పక్కనే చుక్కలా కనబడుతుంది, టి.టి.ఎఫ్.1 రాదు. ఊపిరితిత్తుల రకంలో ఎక్కువగా దీనికి తిరగబడి ఉంటుంది. లింఫోమాకు ఎల్.సి.ఎ. అనే మరో గుర్తు ఉంది. శిక్షణలో మేడమ్ ఆ చుక్కల స్లైడు చూపించినప్పుడు మేమంతా వరుసలో నిలబడి రెండేసి సార్లు చూశాం.

రంగు రాకపోతే జబ్బు లేదని కాదు; ముక్క ఫార్మలిన్‌లో సరిగా నాననందువల్ల కూడా రాకపోవచ్చు. అందుకే ప్రతిసారీ రంగు తప్పక రావలసిన కంట్రోల్ స్లైడు ఒకటి పక్కన పెడతాం. అది రంగు తేలితేనే మిగతా స్లైడ్లను నమ్ముతాం.

జబ్బు పేరు రాసి సంతకం పెట్టేది డాక్టరుగారే. ఆయన చూసే స్లైడు మాత్రం మా చేతుల మీదుగా వెళ్లిందే. రోగి ముఖం మాకు కనబడదు, నంబరే కనబడుతుంది. ఆ నంబరు వెనుక ఎవరి అమ్మో, ఎవరి తాతో ఉంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎం.ఎల్.టి. సీటు వస్తే చిన్నచదువని వదులుకోకండి.