హీరోగారి కారు మంచులో ఎందుకు జారదు?

మంచులో డ్యూయెట్ అంటే మనకి ఎంత ఇష్టమో! హీరోయిన్ పల్చటి చీరలో వణక్కుండా నవ్వుతుంది. హీరోగారు మంచుముద్ద విసురుతారు. ఇద్దరూ కారెక్కి కొండమలుపు తిరిగి రయ్యిమని వెళ్ళిపోతారు. కారు జారదు. ఆగాల్సిన చోట ఠక్కున ఆగుతుంది. రెండో చరణానికల్లా పూలతోటలో వుంటుంది. పొదిలిలో నేల టిక్కెట్టు మీద ఇలాంటి పాటలు లెక్కలేనన్ని చూశాను గానీ, ఆ కారు చక్రాలకేముందో ఎన్నడూ ఆలోచించలేదు. 2024 ఫిబ్రవరిలో మా బావ పుణ్యమా అని ఆలోచించాల్సి వచ్చింది.

బావకి 'బాబీ' అంటే ప్రాణం. 1973లో రాజ్‌కపూర్ తీసిన ఆ సినిమాలో రిషికపూర్, డింపుల్ గదిలో చిక్కుకుని పాడుకునే పాట వుంది చూడండి, ఆ ఇల్లు కాశ్మీర్‌లో గుల్‌మార్గ్‌లో వుంది. ఇప్పటికీ అందరూ దాన్ని 'బాబీ హట్' అనే అంటారు. మరుసటి యేడు వచ్చిన 'ఆప్‌కీ కసమ్'లో రాజేష్ ఖన్నా, ముంతాజ్ చిందులేసిన శివాలయం కూడా ఆ వూళ్ళోదే. పెళ్ళయిన కొత్తలో మా అక్కకి బావ మాటిచ్చాడట: మన సొంత కారులో తీసుకెళ్ళి, ఆ ఇంటిముందు కారుతో సహా ఫోటో తీయిస్తానని. ఇరవై రెండేళ్ళు గడిచాయి. అక్క మర్చిపోలేదు. ఆడవాళ్ళు ఇలాంటివి మర్చిపోతారా?

ఆ యేడు జనవరంతా గుల్‌మార్గ్‌లో మంచు పడనే లేదు. ఎండుగడ్డితో వెలవెలబోతున్న కొండల ఫోటోలు పేపర్లలో చూసి అక్క డీలా పడిపోయింది. నెలాఖరుకి మంచు మొదలైంది. బావ ప్రయాణం ఖాయం చేశాడు. పొదిలి నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి 44వ నెంబరు హైవే మీద నాగపూరు, ఝాన్సీ, ఢిల్లీ, జమ్మూ, శ్రీనగరు. రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. బావ, అక్క, అమ్మ, నేను. బండి స్విఫ్టు.

మంచంటే మాకు తెలిసింది తెల్లవారుజామున మిరపచేల మీద పరుచుకునే తెల్లటి పొగ. పొద్దెక్కితే అదీ వుండదు. కానీ చక్రం జారడం మాకు కొత్తకాదు. మాది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. అక్టోబరు, నవంబరు వానలకి తడిసిందా, అరిసెల పాకమే! చక్రానికి పట్టి, మడ్‌గార్డులోకి ఎక్కి, పత్తి బోరేల లారీని వున్నచోటే కూలేస్తుంది. అప్పుడు మావాళ్ళు చేసేవి మూడు పనులు. టైరుకి మోకు చుట్టడం ఒకటి. చక్రం కింద గోనెసంచులు, కందికట్టె వేసి తొక్కించడం రెండోది. రెండూ కుదరకపోతే ట్రాక్టరుని పిలుస్తారు. దాని వెనక టైర్లకి ఏటవాలుగా లావుపాటి కట్లుంటాయి, నేలని కరుచుకుని లాగేస్తుంది.

మంచు దేశాలవాళ్ళ దగ్గరా సరిగ్గా మూడే వున్నాయి. టైరుకి చుట్టే ఇనప గొలుసు, టైరుకి తొడిగే గుడ్డ మేజోడు, చలికాలానికని వేరేగా చేసిన వింటర్ టైరు. మోకు, గోనె, ట్రాక్టరు టైరు అనుకోండి!

బావ మొదట వింటర్ టైర్లకే మొగ్గాడు. మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. 7 డిగ్రీల లోపుకి దిగితే పట్టు తగ్గుతూ వస్తుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా వుంటుంది, పైన సన్నటి గాట్లు వందలకొద్దీ వుండి మంచుని పట్టుకుంటాయి. పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు గుర్తుంటే అది పరీక్షకి నిలిచిన టైరని అర్థం. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి లేకుండా కారు నడిపితే జరిమానాయే.

మా వూళ్ళో టైర్ల సాయిబుగారు అంతా విని గడ్డం గోక్కున్నారు.

"తెప్పిస్తా అబ్బాయా, డబ్బులు నీయి, నాదేం పోయింది? ఒక్కరోజు మంచుకి నాలుగు టైర్లు! మిగతా దారంతా తారురోడ్డే గదా. మళ్ళీ మేనెల్లో పొదిలి ఎండకి ఆ మెత్త రబ్బరు ఏమైతదనుకున్నావు? పెనం మీద వెన్నపూస!"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వెచ్చటి రోడ్డు మీద ఆ టైరు తొందరగా అరుగుతుంది, బ్రేకు వేస్తే మామూలు టైరుకన్నా ఎక్కువ దూరం పోయి ఆగుతుంది కూడా. బావ వెనక్కి తగ్గాడు.

హైదరాబాదులో మా పిన్ని కొడుకు మేజోళ్ళు తెచ్చిచ్చాడు. నార్వేలో పుట్టిన ఆలోచన అది. చంకన పెట్టుకునేంత సంచి, అయిదు నిమిషాల్లో తొడగొచ్చు. మంచు మీద వుండే నీటిపొరని గుడ్డ పీల్చుకుంటుంది, పీచు మంచుని కరుచుకుంటుంది. "బండికి మేజోళ్ళేంట్రా, స్వెట్టరు గూడా అల్లమంటారా?" అని అమ్మ నాగపూరు దాకా నవ్వుతూనే వుంది.

శ్రీనగర్లో దిగిన రాత్రి కాలిఫోర్నియా నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోను. వాళ్ళు చలికాలం శనాదివారాలు తాహో సరస్సుకి పోతుంటారు. దారిలో డానర్ కనుమ, ఏడువేల అడుగుల పైన. మంచు పడితే రోడ్డు మీద బోర్డులు పెడతారట. ఆర్-1 అంటే చిన్న కార్లకి మంచు టైర్లుంటే చాలు. ఆర్-2 అంటే నాలుగు చక్రాలూ లాగే బండి, నాలుగూ మంచు టైర్లే అయితే తప్ప గొలుసు వెయ్యాల్సిందే. గొలుసు మాత్రం ఏ బండిలోనైనా దగ్గరుండాలి. ఆర్-3 అంటే ఎవరైనా సరే గొలుసు వెయ్యాలి, మినహాయింపు లేదు. "ఆర్-3 దాకా వస్తే దాదాపు రోడ్డే మూసేస్తారన్నా" అన్నాడు.

డానర్ కనుమ అంటే మన సినిమా బుర్ర వూరుకుంటుందా! చాప్లిన్ 'గోల్డ్ రష్' మొదట్లో చీమలబారులా కొండెక్కే జనాన్ని 1924లో తీసింది ఆ కనుమ పక్కనే, ట్రకీ దగ్గర. తర్వాత మంచు దృశ్యాలు చాలావరకు హాలీవుడ్ స్టూడియోలో ఉప్పు, పిండి, ప్లాస్టరు కుమ్మరించి తీశారు. చూశారా, ఉప్పు మీద ఎవరి కారైనా ఎందుకు జారుతుంది? అసలు మంచులో జేమ్స్‌బాండ్‌కే సాయం కావాల్సి వచ్చింది. 'లివింగ్ డేలైట్స్' (1987)లో ఆయన కారుకి పక్కలనుంచి స్కీలు, టైర్లకి మేకులు పొడుచుకొస్తాయి. మేకుల టైర్లు నిజంగానే వున్నాయి, గడ్డకట్టిన రోడ్లకి వాడతారు. మా స్విఫ్టుకి అంత వైభవం లేదు.

మర్నాడు టంగ్‌మార్గ్. అక్కణ్ణుంచి గుల్‌మార్గ్‌కి పదమూడు కిలోమీటర్ల ఘాటు, పైన ఎత్తు 2,650 మీటర్లు. మంచు రోజుల్లో గొలుసుల్లేని బండిని పైకి పోనివ్వరు. అందుకని అక్కడ గొలుసులు అద్దెకిచ్చే కుర్రాళ్ళు మన బస్టాండులో జామకాయలవాళ్ళలా మూగుతారు. మేజోళ్ళు తీసి చూపిస్తే ఒకడు వేళ్ళతో నలిపి చూసి తిరిగిచ్చేశాడు. రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. మంచు తోసే యంత్రం వెళ్ళినచోట నల్లటి తారు, మలుపులో మంచు, మళ్ళీ తారు. వొట్టి తారు మీద గుడ్డ ఎంతసేపాగుతుంది?

బేరమాడి గొలుసులు తీసుకున్నాం. స్విఫ్టుకి ఇంజను శక్తి అందేది ముందు చక్రాలకే కనుక గొలుసు ముందు చక్రాలకే. వంద గజాలు పోయాక దిగి మళ్ళీ బిగించాలి, వదులుగా వుంటే అదే మడ్‌గార్డుని బాదేస్తుంది. నలభై దాటకూడదు. కదిలితే గలగలమని ఎద్దుల మువ్వల చప్పుడు.

"ఎక్కేస్తాం!" అన్నాడు బావ.

అమ్మ కారెక్కలేదు. "ఎక్కేది సరేలే నాయనా. దిగేటప్పుడు ఎవరాపుతారు?" అంది.

పక్కనే టీ తాగుతున్న టాక్సీ డ్రైవరుకి అమ్మ మాటని హిందీలో చెప్పాను. ఆయన గ్లాసు కిందపెట్టి, రోడ్డు పక్కన మంచు గట్టిపడిన ఖాళీ జాగా చూపించి, ఇరవైలో పోయి బ్రేకు వెయ్యమన్నాడు. బావ వేశాడు. గొలుసులున్న ముందు చక్రాలు కరుచుకుని ఆగాయి. గొలుసుల్లేని వెనక చక్రాలు ఆగకుండా పక్కకి జారి, బండి సగం తిరిగి నిలబడింది. ఖాళీ జాగా కనుక సరిపోయింది. అదే దిగుడు మలుపులో, ఒక పక్క లోయ వుంటే?

రేగడిలో మా లారీలకి వచ్చే కష్టం కదలకపోవడం. పొదిలిలో నేర్చిన విద్యంతా బండిని లాగడానికే. ఇక్కడ కావలసింది ఆపే విద్య. ఆ డ్రైవరు బండికి నాలుగు చక్రాలకీ శక్తి అందుతుంది. "అది ఎక్కడానికే సార్, ఆగడానికి కాదు" అని ఆయనే చెప్పాడు. ఆపేవి ఆయన టైర్లు. నాలుగూ వింటర్ టైర్లే, మంచు పెరిగితే వెయ్యడానికి వెనక గొలుసులు. వాటికన్నా ముఖ్యం, ఆయన ఆ పదమూడు కిలోమీటర్లు చిన్నప్పట్నుంచి నడిపినవాడు.

బావ చాలాసేపు మాట్లాడలేదు. రెండున్నర వేల కిలోమీటర్లు స్టీరింగ్ ఎవరికీ ఇవ్వని మనిషి! చివరి పదమూడు కిలోమీటర్లకి తాళం జేబులో వేసుకుని పరాయి బండిలో వెనకసీటున కూర్చోవాలంటే మాటలా? అక్కే భుజం మీద చెయ్యి వేసి, "ఫోటోలో కారు లేకపోతే యేం, నువ్వుంటావుగా" అంది. గొలుసులు విప్పించి తిరిగిచ్చేశాం.

సాయంత్రం దిగేటప్పుడు కరిగిన మంచు మళ్ళీ గడ్డకట్టి రోడ్డు అద్దమైంది. మా డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టింది తక్కువ, గేరు మీదే నెమ్మదిగా దించాడు. ఒక మలుపులో, ఎవరో టూరిస్టుల కారు గోడలా పేరుకున్న మంచులోకి ముక్కు దూర్చి అడ్డంగా వుంది. ముందు చక్రాలకి గొలుసులున్నాయి. లోపల పిల్లలు ఏడుస్తున్నారు, దెబ్బలేం లేవు. బావ దిగి నలుగురితో కలిసి దాన్ని వెనక్కి తోశాడు. ఆ తోసే విద్యలో మాత్రం పొదిలివాణ్ణి కొట్టేవాడు లేడు!

బాబీ హట్ ముందు తీసిన ఫోటో అక్క ఇంట్లో టీవీ పైన వుంది. అక్క, బావ, మోకాలిలోతు మంచు.

మేజోళ్ళు మళ్ళీ డిక్కీలోనే వచ్చాయి. ఆ అక్టోబరు వానల్లో బావ కారు చేలగట్టున రేగడిలో దిగబడితే వాటిని తొడిగి చూశాడు. రెండు చుట్లు తిరిగేసరికి పిడకల్లా మట్టి పట్టి, గుడ్డేదో మట్టేదో తెలియకుండా పోయింది. సాయిబుగారి అబ్బాయి ట్రాక్టరు తెచ్చాడు.