వంకాయ – విషపరీక్ష

వంకాయ తరుగుటకు కత్తిపీట ముందు కూర్చున్న స్త్రీ మొట్టమొదట చేయు పని పరీక్ష. తొడిమ యెత్తి చూచును. కాయను వ్రేలితో నొక్కి చూచును. సన్నని రంధ్రము కనబడెనా, పుచ్చని ప్రక్కకు నెట్టివేయును. ఇరువది సంవత్సరములుగా నేనును ఇట్లే చేయుచు, పుచ్చులేని నిగనిగలాడు కాయలు తెచ్చిన దినమున కూరగాయల యామెను మెచ్చుకొనుచు వచ్చితిని. ఆ నిగనిగ యెక్కడనుండి వచ్చుచున్నదో గత కార్తికమాసము వరకు నేనాలోచింపలేదు.

మా తమ్ముడు రెండెకరములలో వంగతోట వేయుచుండును. వంగకు కొమ్మను, కాయను తొలుచు పురుగొకటి కలదు. పిల్లపురుగు గ్రుడ్డునుండి వెలువడిన కొలది గంటలలోనే కొమ్మలోనికో కాయలోనికో దూరి, తాను పోయిన రంధ్రమును తన మలముతోనే మూసికొనును. లోపలికి పోయిన దానికి మందు తగులదు. కావున దూరకమునుపే చంపవలెనని రైతులు వారమునకు రెండు మారులు, కాయ దిగుచున్న కాలములో నంతకంటె నెక్కువగ మందు కొట్టుదురు. ఒకనాటి మధ్యాహ్నము మావాడు వీపున డబ్బాతో, ముక్కునకు గుడ్డయైన లేక, ఎదురుగాలిలో మందు కొట్టుచు సాలు నడుమనే కూలిపోయెను. నోట చొంగ, ఒడలెల్ల చెమట, కనుపాపలు సూదిమొనలంత చిన్నవైనవట. ఆసుపత్రిలో అట్రోపిన్ సూదులు వేసి, మూడు రాత్రులు కనిపెట్టి బ్రతికించిరి.

నేను పోయి చేరునప్పటికి వాడు దిండు నానుకొని కూర్చుండెను. ఏ మందో చూడవలెను తెమ్మని వైద్యుడడుగగా తెచ్చిన సీసా మా మరదలి యొడిలోనే యున్నది. నన్ను చూచి వాడు మొదట నన్న మాట యిది: "అక్కయ్యా, ఆ వేళ నువ్వూ నాన్నగారూ వద్దన్న వంకాయ వచ్చి ఉంటే, ఈ డబ్బా మోత నాకు సగమైనా తగ్గేది."

బదులు చెప్పుటకు నాకు నోరు రాలేదు.

సోదరీమణులు కొందరా వంకాయ సంగతి మరచియుందురు గావున చెప్పుచున్నాను. మంటిలో సహజముగ నుండు సూక్ష్మజీవి యొకటి కలదు. బాసిల్లస్ తురింజియెన్సిస్ అని దాని పేరు, బి.టి. అని పొట్టిపేరు. అది పుట్టించు మాంసకృత్తు గొంగళిపురుగు కడుపులో పడినచో, అచ్చటి క్షారరసమున కరగి, ప్రేగుగోడను పట్టుకొని చిల్లులు పొడిచి పురుగును చంపును. మన జీర్ణాశయములోనిది ఆమ్లరసము. ఆ మాంసకృత్తు పట్టుకొనుటకు వలయు చోటులు మన ప్రేగులలో లేవు. ఈ సూక్ష్మజీవినే నీటిలో కలిపి చల్లుట ప్రకృతి సేద్యము చేయువారికిని సమ్మతమే. శాస్త్రజ్ఞులు ఆ మాంసకృత్తును పుట్టించు జన్యువును తెచ్చి వంగమొక్కలోనే చేర్చిరి. మహికో యను విత్తనముల కంపెనీ దానిని సిద్ధము చేయగా, 2009 అక్టోబరు 14వ తేదీన కేంద్ర పర్యావరణశాఖలోని జన్యుసాంకేతిక ఆమోదసమితి సాగు చేయవచ్చునని తేల్చెను. అప్పటి మంత్రి జైరాం రమేశ్ గారు వెంటనే యొప్పుకొనక, హైదరాబాదుతో సహా ఏడు నగరములలో సభలు జరిపి జనుల మాట వినిరి. అప్పటి ఆంధ్రప్రదేశముతో కూడ అనేక రాష్ట్రప్రభుత్వములు సందేహము వెలిబుచ్చినవి. 2010 ఫిబ్రవరి 9న మంత్రిగారు దానిని నిలిపివేసిరి.

నాకప్పుడు పందొమ్మిదవ యేడు. నాన్నగారు నాకు వీధియరుగు మీద అర్థశాస్త్రము చెప్పుచుండిరి. రాజు భుజింపబోవు పదార్థమును ముందుగా అగ్నికిని పక్షులకును వేయవలెననియు, మంట నీలమై చిటపటలాడినను, పక్షి చచ్చినను అందు విషమున్నదని గ్రహింపవలెననియు కౌటిల్యుడు వ్రాసెను. నాన్నగారు పత్రిక ముడిచి, "రాజుగారి పళ్ళేనికి ఉన్న పరీక్ష మన పళ్ళేనికి అక్కరలేదా?" అనిరి. ఆ సాయంకాలము నేను మా వీధిలోని నలుగురు స్త్రీలకు, విషపుమొక్క మన వంటింటికి రాకుండ తప్పినదని చెప్పి వచ్చితిని. ఆ మొక్కనుగూర్చి నాకు తెలిసినది అంతమాత్రమే.

ఆసుపత్రినుండి తిరిగి వచ్చిన పిమ్మట తమ్ముని మాట నన్ను నిద్రపోనీయలేదు. మావారు తెచ్చియిచ్చిన కాగితములను రాత్రులు కూర్చుండి చదివితిని. మొదట నాకు బోధపడినది, విషము వేరు, దానివలని యపాయము వేరని. ఇది మనకు క్రొత్త కాదు. తాంబూలములో సున్నము గోరంత యైన నోరు పండును. కొంచెము మించెనా, నోరు పొక్కును. ఎంత, ఎవరికి, ఎన్నినాళ్ళు, ఏ మార్గమున అను నాలుగు ప్రశ్నలకు బదులు తెలియక, ఒక వస్తువు మంచిదనిగాని చెడ్డదనిగాని చెప్పరాదు. క్రొత్తమందునకైనను క్రొత్తమొక్కకైనను సర్కారు చేయించు పరీక్ష యీ ప్రశ్నలే.

జన్యువులు మార్చిన జీవులకు 1986 నాటి పర్యావరణ చట్టము క్రింద 1989లో నిబంధనలు చేసిరి. పరిశోధన జరుగుచోట నొక సమితి, దానిపైన ఢిల్లీలో పరిశోధనను చూచు సమితి, అన్నిటికి పైన నేను ముందు చెప్పిన ఆమోదసమితి. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన మరియొక సమితి యుండవలెనని కూడ వ్రాసిరిగాని, మా ప్రాంతమున దాని పేరు విన్నవారిని నేనెరుగను. వంకాయ విషయమై యెలుకలకు తొంబది దినములు పెట్టి చూచిరి. కుందేళ్ళకు, మేకలకు, పాడియావులకు, కోళ్ళకు, చేపలకు పెట్టిరి. కౌటిల్యుని పక్షులకంటె నిది చాల మేలు. కాని యీ పరీక్షలు చేయించి లెక్కలొప్పగించినది విత్తనములమ్మదలచిన కంపెనీయే. ఆ లెక్కలైనను 2008 వరకు జనులకు చూపలేదు. న్యాయస్థానము చెప్పిన తరువాతనే బయటపెట్టిరి. సంబంధము కుదుర్చునప్పుడు పిల్లవాని గుణమును పిల్లవాని తల్లినే యడిగి తృప్తిపడు తలిదండ్రులుందురా? మంత్రిగారు నిలిపివేయుటకు చెప్పిన కారణములలో నిదియు నొకటి: స్వతంత్రులైనవారు చేసిన పరీక్షలు చాలవని. ఆ యేడే సమితి పేరులో "ఆమోద" తీసి "మదింపు" అని మార్చిరి. ఆమోదించుటకే కూర్చున్నామని పేరులోనే చెప్పుకొనుట వారికే బాగుగ తోచలేదు కాబోలు.

ప్రత్తి సంగతియు చూడవలెను. బి.టి. ప్రత్తికి 2002లో అనుమతి నిచ్చిరి. మొదట మందులు తగ్గినవి, రైతులు సంతసించిరి. కొన్నియేండ్లకు గులాబిరంగు పురుగు ఆ మాంసకృత్తును సహించుట నేర్చుకొన్నది. తెలంగాణలోను, ఆంధ్రములోను ప్రత్తిరైతులు మరల డబ్బాలెత్తుకొనిరి. కావున పరీక్ష ఒకమారు చేసి ముద్రవేసి మూలబెట్టునది కాదు.

ఇంతవరకు నాన్నగారి పక్షమే గెలిచినట్లు కనబడును. కాని తమ్ముని మాట? క్రొత్తదానివలన నేమి యపాయమని పదేండ్లు పరీక్షించితిమి. దానిని వలదన్నచో నిలిచిపోవు పాతదానివలన నేమి యపాయమని అడిగినవారు తక్కువ. ఆ పాతది మా మరదలి యొడిలోని సీసా.

ఆ సీసాలకును చట్టము కలదు. 1958లో గోధుమపిండితో పారాథియాన్ అను మందు కలిసి కేరళములోను మద్రాసు రాష్ట్రములోను నూరుమందికి పైగా చనిపోయిరి. ఆ ఘోరము తరువాత విచారణ జరిగి, 1968లో కీటకనాశినుల చట్టము వచ్చినది. సీసామీద చతురపు గుర్తులో క్రింది త్రికోణమునకు రంగు వేయవలెనని దాని నిబంధన: ఎరుపు అత్యంత విషము, పసుపు తీవ్రవిషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. ఇంటిలో దోమలమందో చెదలమందో యున్న సోదరి యిప్పుడే లేచిపోయి దాని త్రికోణము చూచునుగాక. మా తమ్ముని సీసామీద నున్నది పసుపు. పదియేండ్లుగా వాడుచున్నను, ఆ రంగున కర్థమున్నదని వానికి చెప్పినవారు లేరు. లోపలి కాగితము తీసి చూచితిమిగదా, అక్షరములు గసగసలవలె నున్నవి. మా యత్తగారి భూతద్దము పెట్టి చదివితిని. చేతితొడుగులు, కండ్లద్దములు, ముక్కుగుడ్డ ధరింపవలెను, గాలికెదురుగ చల్లరాదు, చల్లిన తరువాత ఇన్ని దినములవరకు కాయ కోయరాదు. ఆ పరీక్షను చేసి, దానిలో మందు నిరపాయమని తేల్చినవారు, ఈ కాగితము చదివి నడచుకొను రైతును మనసులో నుంచుకొని తేల్చిరి. అట్టి రైతు మా యూరిలో లేడు.

2013 జూలైలో బీహారులోని సారన్ జిల్లాలో మధ్యాహ్నభోజనము తిని ఇరువదిముగ్గురు బడిపిల్లలు చనిపోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినది. కూరగాయలపై వాడరాదని 2005లోనే నిషేధించిన మందది. మావారు పిల్లలకన్న ముందు తాము భోజనము రుచి చూచుట ఆ నాటినుండియే. ఆయన యొకదినము ఇంటికి వచ్చుట యాలస్యమైనను నా గుండె గుబగుబలాడును.

మన పొరుగుననున్న బంగ్లాదేశము అదే వంకాయకు 2013 అక్టోబరులో అనుమతి నిచ్చి, 2014 జనవరిలో ఇరువదిమంది రైతులకు నారు పంచినది. మందు చల్లుట తగ్గినదని అచ్చటి పరిశీలనలు చెప్పుచున్నవి. మరి నేను 2010లో సంతోషించుట తప్పా? ఈ ప్రశ్నకు మా యింటిలో నిప్పటికిని ఇద్దరిమాట యొకటి కాలేదు. నిలుపుట తప్పుకాదనియే నా యభిప్రాయము. నిలిపి, కావలసిన పరీక్షలు చేయించి తేల్చక యట్లే వదలివేయుట తప్పు.

భాగవతమున హాలాహలమును మ్రింగుటకు శివుడు పూనుకొన్నప్పుడు పార్వతి సమ్మతించినది. ఆ ఘట్టమును చిన్ననాడు చదువుచు, ఆమె ధైర్యమునకు ఆశ్చర్యపడెడిదానను. ఇప్పుడు తోచుచున్నది: ఆమెకు విషమెట్టిదో తెలియును, భర్త యెట్టివాడో తెలియును. తెలిసి సమ్మతించినది. మా మరదలికి ఆ రెండవది మాత్రమే తెలియును.

ఇక మన బియ్యము సంగతి. మనలో ననేకులు వండుకొను సాంబమసూరిలో ఒక జన్యువును సవరించి హైదరాబాదు రాజేంద్రనగరములోని వరిపరిశోధన సంస్థ వారు కమల యను వంగడమును చేయగా, 2025 మే నెలలో ప్రకటించిరి. ఇందు పరజీవి జన్యువేమియు లేదు, ఉన్నదానినే దిద్దిరి. ఇట్టివానిని 2022లో కేంద్రప్రభుత్వము 1989 నిబంధనలలో కొన్నింటినుండి మినహాయించినది గావున, పెద్దసమితి ముందునకు పోనక్కరలేదు. ఈమారు నేను వీధిలోనికి పోయి విషమని చెప్పలేదు, అమృతమనియు చెప్పలేదు. ఏ పరీక్షలు చేసిరి, కాగితము లెచ్చట చూడవచ్చునని యడుగుచు ఒక జాబు వ్రాసి మావారిచేత తపాలాలో వేయించితిని. బదులింకను రాలేదు.

తమ్ముడు తోటలో మగపురుగులను పట్టు లింగాకర్షక బుట్టలు కట్టినాడు. వాలిన కొమ్మలను త్రుంచి కాల్చుచున్నాడు. మందు మానలేదు, తగ్గించినాడు. ముక్కుగుడ్డ మాత్రము మరదలు తానే కట్టి పంపుచున్నది. నాకు వంకాయలు పంపినప్పుడెల్ల సంచిమీద బొగ్గుతో మందు కొట్టిన తేదీ వ్రాసి పంపుచున్నాడు. మొన్నటి సంచిమీద పదునొకండు దినముల క్రిందటి తేదీ యున్నది. కాయలలో మూడు పుచ్చులు. వానిని తీసివేసి, తక్కినవి ఉప్పునీటిలో కడిగి, అల్లము పచ్చిమిరప కారము పెట్టి వండితిని.