ఘనపూర్ పాట, డబ్లిన్ చలి

సద్దుల బతుకమ్మ నాటికి డబ్లిన్‌లో తంగేడు దొరకదు, గునుగు దొరకదు. చామంతులే పేర్చుకుంటాం. స్టేషన్ ఘనపూర్ నుంచి అమ్మ ఫోన్‌లో పాట ఎత్తుకుంటే, మేం చప్పట్లతో అందుకుంటాం.

ఇక్కడివాళ్లు మేకతోలు బిగించిన బోరాన్‌ మీద పుల్లతో కొడుతుంటే నాకు మా డప్పే వినిపిస్తుంది. వీళ్లదీ వలస బతుకే. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టి వచ్చిన కరువు లక్షలమందిని ఓడలెక్కించింది. కార్క్ ప్రాంతం నుంచి వెళ్లి షికాగో పోలీసు అధిపతి అయిన ఫ్రాన్సిస్ ఓనీల్, తోటి వలసజీవుల నోటి బాణీలు పోగుచేసి, 1903లో 1,850 బాణీలతో పుస్తకం వేశాడు. మన దేవనూరు బిడ్డ బిరుదురాజు రామరాజు గారూ అట్లాగే జానపద గేయాలు ఏరి తెచ్చారు.

అమ్మ పాటలు మాత్రం ఇన్నాళ్లూ నేనే రాసుకోలేదు. ఈ ఏడు రికార్డు చేస్తున్నాను. నడుమ కాజీపేట వైపు పోయే రైలు కూత పడింది. తీసెయ్యబుద్ధి కాలేదు.