నురగ ఎవరికి కావాలి?

ఇంజనీరింగు చదివే పిల్లలు ఇంట్లో ఉంటే మీకూ తెలిసే ఉంటుంది, చదువు సంగతి మనల్ని ఒక్కటీ అడగరు. మనకేం తెలుసని! అలాంటిది కెమికల్ ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయి కిందటి ఎండాకాలం ముడిమ్యాల వచ్చి, నోటుబుక్కు పట్టుకుని నేను బోళ్లు తోమే బండ దగ్గర కూర్చుంది.

"అమ్మా, బోళ్లు తోమేటప్పుడు నీకు అన్నిటికంటే కష్టమైంది ఏంది?"

నాకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఈ మాట అడిగిన వాళ్లు లేరు మరి!

సంగతేమంటే, నలుగురు పిల్లలు కలిసి ఒక వస్తువు తయారు చెయ్యాలని కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారట. ఎలా తయారు చెయ్యాలన్నదే ఇన్నాళ్లూ చదివారు. ఏం చెయ్యాలి, ఎవరి కోసం అన్నదీ చదువేనంటూ కస్లర్, మాగ్రిడ్జ్ అనే ఇద్దరు 2001లో ఒక పుస్తకమే రాశారట. ముందు అవసరం, తర్వాత ఆలోచనలు, ఆపైన ఎంపిక, చివరికి తయారీ. ఇదీ వాళ్లు చెప్పిన వరస.

మా వాళ్లు తయారీతోనే మొదలుపెట్టారు లెండి! సీసాలో పచ్చటి ద్రవం, నిమ్మకాయ వాసన, చేతినిండా నురగ. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఒక్క పళ్లెం కడిగేసరికి మూడు చెంబుల నీళ్లు. ఎండాకాలం మా బోరు అరగంట పోసి ఆగిపోతుంది. పైగా సోడా ఎక్కువై వేళ్ల సందుల్లో మంట. "నురగ ఎవరికి కావాలె బిడ్డా? నీళ్లు తక్కువ పట్టాలె" అన్నాను. అది రాసుకుంది. దాని మొహం మాత్రం చిన్నబోయింది.

సోడా తగ్గించారు, గ్లిజరిన్ కలిపారు, నురగ సగం చేశారు. చిక్కదనానికి ఏం వేశారో తెలుసా? మన ఉప్పే! కాస్త వేస్తే చిక్కబడుతుంది, మోతాదు దాటితే మళ్లీ నీళ్లలా పల్చబడుతుంది. మొదటిసారి చెయ్యి జారి అంతా పాడైంది. చారులో ఉప్పెక్కువైతే నేనైనా నీళ్లు పోసి సర్దుకుంటాను, పాపం వాళ్లు మొదటినుంచీ చేసుకున్నారు. ఈసారి ఒక చెంబున్నరతో పళ్లెం తెల్లబడింది.

పరీక్షకు వచ్చినాయన "నురగ లేకపోతే ఎవరు కొంటారమ్మా?" అన్నాడట. చెంబుల లెక్క చూపించింది. అయినా మార్కులు కోశాడు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు పిల్ల.

ఆ సీసా నేనింకా వాడుతున్నాను. మూత మాత్రం తడిచేత్తో తిరగదు. చెబితే మళ్లీ నోటుబుక్కు తీసింది.