రేడియేటర్‌లో రసాయన శాస్త్రం



సంచికకు ఏదైనా రాయమని అడిగితే "నాకు తెలిసింది బండ్ల పని ఒక్కటే" అన్నాను. "అదే రాయి" అన్నారు. పదో తరగతి తర్వాత ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివి, నల్లగొండలో చిన్న షెడ్డు పెట్టుకున్నవాణ్ని. ఎండాకాలంలో మా షెడ్డుకొచ్చే పాత కార్లలో చాలావాటికి ఒకటే జబ్బు, హీటెక్కడం. దాని గురించే నాలుగు మాటలు.

మన హాస్టల్ వంటగదిలో నీళ్లు కాచే గుండిగ అడుగున తెల్లటి పొర పేరుకునేది గుర్తుందా? వంట అక్క రాయి పెట్టి గీకేది. సైన్సు సారు దాన్నే చూపించి తాత్కాలిక కాఠిన్యం పాఠం చెప్పారు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు కరిగి ఉంటాయి. నీళ్లు వేడెక్కితే అవి విడిపోయి, కరగని పదార్థాలుగా అడుగున పేరుకుంటాయి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది. ఇప్పుడు నాకు అన్నం పెడుతున్న ప్రశ్న కూడా అదే.

2011 మే నెలలో ఒక పెద్దన్న తన 1998 మోడల్ డీజిల్ అంబాసిడర్ టాక్సీ తీసుకొచ్చాడు. పది కిలోమీటర్లకోసారి ఆపి నీళ్లు పోస్తున్నాడట. "తమ్మీ, ఇంజను దించాలంటున్నరు. నలభై వేలైతదట. బిడ్డ డిగ్రీ ఫీజు కట్టాలె. బండి అమ్ముకుందునా?" అన్నాడు. ఆ బండి పోతే ఆ ఇంట్లో చదువు ఆగిపోయేటట్టుంది.

ముందు ఇంజను పూర్తిగా చల్లారనిచ్చాను. వేడి మీద రేడియేటర్ మూత ఎన్నడూ తీయకూడదు. లోపలి ఒత్తిడి వల్ల నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఎగజిమ్మి ముఖం కాలుతుంది. వేడి ఇంజనులో చన్నీళ్లు పోయడం కూడా అంతే ప్రమాదం, హెడ్డు పగలొచ్చు.

చల్లారాక మూత తీసి ఇంజను స్టార్ట్ చేసి చూశాను. నీళ్లలో ఆగకుండా బుడగలు రావడం లేదు. ఆయిల్ పాలలాగా తెల్లబడలేదు. అంటే హెడ్ గ్యాస్కెట్ బాగానే ఉన్నట్టుంది. "అన్నా, ఇంజను దించే పని లేదనిపిస్తుంది. కడిగి చూద్దాం" అన్నాను.

రేడియేటర్ కింది కుళాయి, ఇంజను బ్లాకు కుళాయి రెండూ విప్పితే తుప్పు రంగు నీళ్లు వచ్చాయి. థర్మోస్టాట్ బయటికి తీశాను. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి, ఇంజను కాసేపు నడిపి, చల్లార్చి వదిలాను. నిమ్మ ఉప్పులోని ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. బాత్‌రూం కడిగే యాసిడ్ మాత్రం పోయకండి, లోపలి లోహాన్ని తినేస్తుంది. తర్వాత రేడియేటర్‌కు పైపు తిప్పి పెట్టాను. నీళ్లు మామూలుగా పై నుంచి కిందికి పోతాయి కాబట్టి, కింది గొట్టంలో పెట్టి పైకి తోలాలి. అప్పుడే ఇరుక్కున్న మడ్డి కదులుతుంది. బ్లాకును విడిగా కడిగాను. తేట నీళ్లు వచ్చేదాకా కడగడమే. సగం పూట పట్టింది.

థర్మోస్టాట్‌ను గిన్నెలో వేసి కాచి చూస్తే తెరుచుకోనేలేదు. మా దగ్గర చాలామంది "తీసి పారెయ్" అంటారు. అది లేకపోతే ఇంజను సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని బండ్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా హీటెక్కుతుంది. కొత్తది వేశాను.

చివరికి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం పోశాను. మూత తీసే ఉంచి ఇంజను నడిపితే థర్మోస్టాట్ తెరుచుకుని పై గొట్టం వేడెక్కింది, లోపలి గాలి బుడగలుగా వచ్చేసింది. తగ్గినంత మళ్లీ పోసి మూత బిగించాను.

"మనకు మంచు యాడుంది తమ్మీ, కూలెంటెందుకు?" అన్నాడు పెద్దన్న. మంచు కోసమే కాదు. అది తుప్పు పట్టనివ్వదు, నీళ్లు తొందరగా మరగనివ్వదు. ఇంకో సంగతి కూడా చెప్పాను. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. బోరు నీళ్లు పోసిన ప్రతిసారీ కొత్త ఉప్పు పోసినట్టే. బండిని బతికిస్తున్నాననుకుంటూ ఆయన రోజూ చేసింది అదే.

సామానుతో కలిపి రెండు వేలు దాటలేదు. అన్ని బండ్లూ ఇట్లా బాగుపడవు. పొర మరీ గట్టిపడితే రేడియేటర్ విప్పి రాడ్డుతో పొడవాల్సిందే. ఆ బండి మాత్రం తిరిగింది, బిడ్డ ఫీజు కట్టారు.

పని చేసే తమ్ముళ్లకు ఒక జాగ్రత్త. తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. నేల మీద వదిలితే కుక్కలు, మేకలు తాగి చస్తాయి. డబ్బాలో పట్టి మూత పెట్టండి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. రేపు మరో రకం బండ్లొస్తాయి. కానీ బోరు నీళ్లు మారవు, వాటి గుణం మారదు. పదో తరగతిలో మార్కులు తగ్గాయని కుంగిపోతున్న తమ్ముళ్లారా, మన చదువు వృథా అని ఎవరన్నా నమ్మకండి. మార్కులు తక్కువొచ్చినా పాఠం అర్థమైతే చాలు, అది ఎక్కడో ఒకచోట అక్కరకొస్తుంది. సైన్సు పుస్తకం పారేయకండి.